వేరే గ్లాసు గురించి ఎలా మాట్లాడాలి?



కుష్టు వ్యాధికి మందు రకాన్ని బట్టి 6 నెలలు గాని 12 నెలలు గాని వాడితే సరిపోతుంది. మందు పూర్తి చేసినవారు ఇక రోగులు కారు. కాని వారు పనికి తిరిగి వెళ్ళిన చోట, అందరికీ ఒక రకం గ్లాసులో టీ ఇచ్చి వారికి మాత్రం గోడ మీద విడిగా బోర్లించిన గ్లాసులో పోస్తే, రోగం ఇంకా పోలేదని నలుగురికీ చాటినట్లే. ఎవరూ తిట్టరు. పనిలోంచి తీసివేయరు. గ్లాసు మాత్రం వేరుగా ఉంటుంది.

మన ప్రాంతంలో వేరే గ్లాసు అంటే ఏమిటో ఎవరికీ విడమరచి చెప్పనక్కర లేదు. కులం పేరుతో రెండు గ్లాసులు పెట్టిన టీ కొట్లను చూసినవారు మన మధ్య ఇంకా ఉన్నారు. కనుక ఆ గ్లాసు ముందు నిలబడిన మనిషికి కలిగేది చిన్న బాధ కాదు. "ఊరుకోవాలా? పోట్లాడాలా? పనే మానుకోవాలా?" అని మమ్మల్ని అడిగేవారున్నారు. ఈ మూడూ కాక నాలుగో దారి ఉంది. అదే మాట్లాడడం. అది తేలిక కాదు. అయితే నేర్చుకోదగినదే.

ఈ పాఠం జబ్బు నయమైన వారి కోసం మాత్రమే కాదు. వారి పక్కన పని చేసేవారి కోసం, వారి చేత పని చేయించేవారి కోసం కూడా. మనలో చాలామంది ఏదో ఒక రోజు ఈ మూడు స్థానాలలో ఏదో ఒక దానిలో ఉంటాం.

ముందుగా తెలుసుకోవలసినవి

భయం ఉన్నచోట మంచి మాట ఒక్కటే చాలదు, సరైన సమాచారం కూడా కావాలి. అందుచేత ఈ సంగతులు గుర్తుపెట్టుకుందాం.

1. కుష్టు వ్యాధి శాపం కాదు, వంశంలో దిగి వచ్చేది కాదు. ఒక సూక్ష్మక్రిమి వల్ల వస్తుంది. నార్వే దేశపు వైద్యుడు హాన్సెన్ 1873లో ఆ క్రిమిని కనుగొన్నాడు.

2. మందు వాడని రోగి ముక్కు, నోటి తుంపరల ద్వారా, చాలాకాలం దగ్గరగా మెలిగినవారికి ఇది వ్యాపిస్తుంది. కరచాలనం వల్ల, పక్కన కూర్చోవడం వల్ల, కలిసి భోంచేయడం వల్ల, ఒకే గ్లాసులో తాగడం వల్ల వ్యాపించదు. పైగా చాలామంది శరీరానికి ఈ క్రిమిని తట్టుకునే శక్తి సహజంగానే ఉంటుంది.

3. మందు మొదలుపెట్టిన కొద్ది రోజులకే రోగి నుండి ఇతరులకు అంటుకోవడం ఆగిపోతుంది. ఒకటి కంటే ఎక్కువ మందులు కలిపి ఇచ్చే ఈ చికిత్సను ప్రపంచ ఆరోగ్య సంస్థ 1981లో సిఫారసు చేసింది. మన దేశంలో ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాలలో ఇది ఉచితం.

4. మందులలో ఒకటైన క్లోఫాజిమిన్ వల్ల ఒళ్ళు నల్లబడుతుంది. మందు ఆపిన తరువాత నెలల మీద మెల్లగా మామూలవుతుంది. రిఫాంపిసిన్ వేసుకున్న రోజు మూత్రం ఎర్రగా రావచ్చు. ఇవి మందు గుణాలే గాని రోగం ముదిరిన గుర్తులు కావు.

5. వంగిన వేళ్ళు, స్పర్శ లేని పాదం నరాలు దెబ్బతిన్న గుర్తులు. క్రిమి చచ్చిపోయినా అవి మిగిలిపోవచ్చు. కాలిన మచ్చ నుండి మంట అంటుకోనట్లే, వంగిన వేలి నుండి రోగం అంటుకోదు.

మన దేశంలో 2005 డిసెంబరు నాటికి ఈ వ్యాధి 10,000 మందికి ఒకరి కంటే తక్కువకు తగ్గింది. అయినా ఏటా లక్షకు అటు ఇటుగా కొత్త కేసులు బయటపడుతూనే ఉన్నాయి. అంటే మన మిల్లుల్లో, దుకాణాల్లో, ఆఫీసుల్లో నయమై తిరిగి వచ్చేవారు ఎప్పుడూ ఉంటారు.

ఎవరికి చెప్పాలి? ఎంత చెప్పాలి?

జబ్బు పేరు పని చోట చెప్పి తీరాలనే నియమం లేదు. అది మీ సొంత విషయం. చెప్పాలా వద్దా, ఎవరికి చెప్పాలి అనేది మీరే నిర్ణయించుకోవాలి. మీ తరఫున మరొకరు చెప్పడం మేలు చేసే ఉద్దేశంతోనైనా సరైనది కాదు.

అయితే పనికి అవసరమైనంత వరకు చెప్పవలసి రావచ్చు. "నా కుడిచేతి చిటికెన వేలికి, ఉంగరపు వేలికి స్పర్శ తక్కువ. వేడి వస్తువు పట్టుకుంటే కాలినట్లు తెలియదు" అని మేస్త్రీకి చెబితే చాలు. జబ్బు పేరు చెప్పకపోయినా పనికి కావలసిన సంగతి అందులో ఉంది. ఎవరైనా "ఇంత నల్లబడ్డావేం?" అని అడిగితే "వాడిన మందు వల్ల, మెల్లగా తగ్గుతుంది" అనడం అబద్ధం కాదు, దాచడమూ కాదు.

గాయపడినవారు మాట ఎలా మొదలుపెట్టాలి?

ఒక నూలు మిల్లులో పని చేసే సోదరుడు ఏడాది పాటు మందు వాడి పూర్తి చేశాడనుకుందాం. సంగతి ఎలాగో బయటికి పొక్కింది. సోమవారం నుండి అతని టీ వేరే గ్లాసులో వస్తోంది. తెచ్చేది అతనికంటే పెద్దవాడు, అదే షిఫ్టులో పని చేసేవాడు. అతనితో ఇలా మాట్లాడవచ్చు.

"అన్నా, ఒక్క నిమిషం నీతో మాట్లాడాలి. సోమవారం నుంచి నాకు టీ వేరే గ్లాసులో పోస్తున్నావు. అది చూసినప్పుడల్లా నలుగురిలో తలెత్తుకోలేకపోతున్నాను. నాకు జబ్బు చేసిన మాట నిజమే. మందు వాడాను, నయమైంది. గ్లాసుతో అంటుకునేది కాదది. నీకేమైనా అనుమానం ఉంటే నన్నే అడుగు. రేపటి నుంచి అందరి గ్లాసుల్లోనే నాకూ పొయ్యి."

"అది కాదు తమ్ముడూ, ఇంట్లో చిన్నపిల్లలున్నారు గదా, భయం."

"నాకూ పిల్లలున్నారన్నా. నాతో కలిసే తింటున్నారు. ఆస్పత్రిలో వాళ్ళనీ పరీక్ష చేశారు. నీకు ఇంకా సందేహం ఉంటే నాతో రా, డాక్టరు గారినే అడుగుదువు గాని."

ఇందులో గమనించవలసినవి నాలుగు ఉన్నాయి.

మొదటిది: నలుగురి ఎదుట కాక అతనితో ఒంటరిగా మాట్లాడాడు. నలుగురి ఎదుట తప్పు ఎత్తి చూపిస్తే ఎవరైనా ముందు పరువు కాపాడుకోవాలని చూస్తారు. అప్పుడు విషయం పక్కకు పోతుంది.

రెండవది: జరిగిన పని గురించి మాట్లాడాడు. "నువ్వు మనసు లేని మనిషివి" అనలేదు. అలా అంటే, మనసు ఉందా లేదా అనే వాదన మొదలవుతుంది. ఆ వాదన తేలదు, గ్లాసు మారదు. "సోమవారం నుంచి వేరే గ్లాసు" అన్నది ఇద్దరూ కళ్ళతో చూసిన విషయం.

మూడవది: ఎదుటివాడి భయాన్ని బయటికి రానిచ్చాడు. గొంతులోనే ఉండిపోయిన భయానికి ఎవరూ జవాబు చెప్పలేరు. అడిగిన భయానికి చెప్పవచ్చు. వేరే గ్లాసు అంటే నోరు తెరచి అడగని ప్రశ్న. దానిని అడిగించడమే ఈ సంభాషణలో సగం పని.

నాలుగవది: ఏం మారాలో తేల్చి చెప్పాడు. "నన్ను బాగా చూడండి" అంటే ఎవరికీ ఏం చేయాలో తెలియదు. "అందరి గ్లాసుల్లోనే పొయ్యి" అంటే రేపు ఉదయానికి జరిగిందో లేదో తెలిసిపోతుంది.

కోపం ఎక్కువగా ఉన్న రోజున మాట్లాడకండి. ఒక రాత్రి గడవనివ్వండి. ముందుగా ఇంట్లో ఒకరితో ఆ నాలుగు మాటలు అని చూసుకోండి. ఒంటరిగా వెళ్ళడానికి ధైర్యం చాలకపోతే నమ్మకమైన ఒకరిని తోడు తీసుకువెళ్ళండి. చెప్పుకునే శక్తి ఈ రోజు లేదనిపిస్తే ఊరుకోవడం పాపమేమీ కాదు. ప్రతిసారీ అందరికీ పాఠం చెప్పే బాధ్యత బాధపడినవారిది కాదు.

ఆ మాట మనకే చెప్పినప్పుడు

ఇక రెండో వైపు చూద్దాం. ఒకరు వచ్చి "మీరు చేసిన పని నన్ను బాధపెట్టింది" అన్నారు. మన నోటి నుండి సాధారణంగా వచ్చే మాటలు ఇవి.

"నేను ఆ ఉద్దేశంతో చేయలేదు." ఇది నిజమే కావచ్చు. కాని వారు మన ఉద్దేశం గురించి అడగలేదు, తమకు తగిలిన దెబ్బ గురించి చెప్పారు. ఉద్దేశం గురించి తరువాత చెప్పవచ్చు. మొదటి మాట అది కాకూడదు.

"నీకు మరీ సున్నితం." ఇలా అంటే తప్పును బాధపడినవారి మీదికే నెట్టినట్లు.

"అందరూ అలాగే చేస్తున్నారు, నన్నే అంటావేం?" బహుశా మనమైతే వింటామనే నమ్మకంతోనే మన దగ్గరికి వచ్చి ఉంటారు.

"అయ్యో, నేనెంత పాపిష్ఠిదాన్ని!" అని అక్కడే ఏడవడం. అప్పుడు బాధపడినవారే మనల్ని ఓదార్చవలసి వస్తుంది. వారు చెప్పవలసినది చెప్పకుండానే వెళ్ళిపోతారు.

వీటికి బదులు ఏం చేయాలి? మాట పూర్తయ్యేవరకు మధ్యలో అడ్డురాకుండా వినాలి. విన్నది మన మాటల్లో తిరిగి చెప్పాలి: "వేరే గ్లాసు పెట్టినందుకు నలుగురిలో చిన్నబోయావు, అంతేనా?" తప్పు మనదైతే "తప్పే, ఇక చేయను" అని రెండు ముక్కల్లో ఒప్పుకోవాలి. భయం ఉంటే దాచకుండా మర్యాదగా అడగాలి: "నాకు తెలియక అడుగుతున్నాను, ఇది ఎలా అంటుకుంటుంది?" వెంటనే జవాబు తోచకపోతే "ఆలోచించుకుని రేపు చెబుతాను" అనవచ్చు. కాని రేపు మనమే వెళ్ళి చెప్పాలి. వారు మళ్ళీ వచ్చి అడిగేదాకా ఉండకూడదు.

స్పర్శ లేని పాదం ఉన్నవారికి మా నర్సులు ఒక సలహా చెబుతుంటారు: "రోజూ రాత్రి మీ పాదం చూసుకోండి. మీకు కనబడని చోట ఇంట్లోవారిని చూడమనండి." ముల్లు గుచ్చుకున్నా ఆ పాదానికి తెలియదు. రక్తం కనబడుతోందని పక్కవారు చెబితేనే తెలుస్తుంది. అలా చెప్పినవారి మీద ఎవరూ కోపగించుకోరు. మన మాటల్లో, అలవాట్లలో కూడా మనకు స్పర్శ లేని చోట్లు ఉంటాయి. వాటిని చూసి చెప్పినవారు మన శత్రువులు కారు.

మంచితనంతో కూడా వేరు చేయవచ్చని గుర్తుంచుకోవాలి. "నువ్వు కూర్చో, నీకెందుకు శ్రమ" అని చేతిలో పని లాక్కోవడం, "ఇబ్బంది పడతారేమో" అని విందుకు పిలవకపోవడం, ఎదురుపడినప్పుడల్లా జాలిగా నిట్టూర్చడం గ్లాసు లాంటివే. "సాయం కావాలా?" అని ఒకసారి అడగండి. వద్దంటే వదిలేయండి.

పక్కన ఉండి చూసేవారు

గ్లాసు వేరుగా పెట్టినవాడు ఒకడే. చూస్తూ ఊరుకున్నవారు పదిమంది. ఆ పదిమందిలో ఒక్కరు పెద్దగా ఉపన్యాసం ఇవ్వకుండా, "నాకూ అతనికీ ఒకే చోట పొయ్యన్నా" అని ఆ బల్ల దగ్గరే కూర్చుని టీ తాగితే సగం భయం పోతుంది. ఎవరైనా వెనకాల ఎగతాళి చేస్తే "ఆ మాట వద్దు" అనండి చాలు. అయితే అతని జబ్బు గురించి మీకు తెలిసిన వివరాలు చెప్పి సమర్థించకండి. ఏం చెప్పాలన్నది అతని ఇష్టం.

మేస్త్రీలకు, యజమానులకు

పని చేయించేవారు రెండు రకాలుగా తడబడతారు. కొందరు భయపడి దూరం పెడతారు. కొందరు జాలిపడి, పనిలో లోపం ఉన్నా చెప్పరు. తరువాత ఒక రోజు "ఇక నీతో కాదు" అని పంపేస్తారు. చెప్పకపోవడం కూడా వేరు చేయడమే. అందరికీ చెప్పినట్లే వారికీ పని గురించి చెప్పాలి. "తెగిన పోగు అతకడం ఆలస్యమవుతోంది. నీ చేతికి ఏది కష్టంగా ఉంది? ఏం మారిస్తే వీలవుతుంది?" అని అడగాలి. ఇది పని గురించిన మాట, జబ్బు గురించినది కాదు. జవాబు విన్న తరువాతే మార్పు చేయాలి. వారిని అడగకుండా వేరే సెక్షన్‌కు మార్చడం మేలు కాకపోవచ్చు.

చాలా మార్పులు పెద్ద ఖర్చు లేనివే:

• వేడి పాత్రలు దించేవారికి మందమైన మసిగుడ్డ, పట్టకారు, కర్ర పిడి ఉన్న గరిటెలు.
• సన్నటి పిడి ఉన్న పనిముట్లకు గుడ్డగాని రబ్బరుగాని చుట్టి లావు చేయడం.
• స్పర్శ లేని పాదాలకు మెత్తటి ఎం.సి.ఆర్. చెప్పులు. పని చోట వాటిని విప్పమని బలవంతం చేయకపోవడం.
• రెప్ప సరిగా మూతపడనివారికి దుమ్ము తగలకుండా కళ్ళద్దాలు.
• చేతులు, కాళ్ళు చూసుకోవడానికి మధ్యలో కొద్ది నిమిషాలు.
• మందు తెచ్చుకోవడానికి నెలకు ఒక రోజు అనుమతి.

మరొక ముఖ్య విషయం. చికిత్స జరుగుతుండగాగాని, పూర్తయ్యాకగాని కొందరికి రియాక్షన్ వస్తుంది. మచ్చలు ఎర్రగా ఉబ్బుతాయి, నరం నొప్పి పుడుతుంది, చేయి లేక కాలు బలహీనపడుతుంది. ఇలా వచ్చిందంటే చికిత్స విఫలమైందని అర్థం కాదు. కాని ఆ నరాన్ని కాపాడడానికి వెంటనే ఆస్పత్రికి రావాలి. "షిఫ్టు అయ్యాక వెళ్ళు" అనకండి. చికిత్సలో ఉన్నవారు మందు మానకూడదు.

సిబ్బందికి అవగాహన కలిగించాలనుకుంటే, ఒకరు మందు వాడి తిరిగి వచ్చిన మర్నాడే కుష్టు మీద సభ పెట్టకండి. అందరి చూపు వారి మీదే పడుతుంది. క్షయ, షుగరు, బి.పి.లతో కలిపి ఆరోగ్య సిబ్బంది చేత చెప్పించండి. 2017 నుండి జనవరి 30న, గాంధీజీ వర్ధంతి రోజున, స్పర్శ్ పేరుతో దేశమంతటా కుష్టు అవగాహన కార్యక్రమాలు మొదలయ్యాయి. అదీ మంచి సందర్భమే.

చెప్పినా వినకపోతే

ఒకసారి ఒంటరిగా చెప్పారు. మరొకసారి తోడు తీసుకుని చెప్పారు. అయినా మారలేదు. అప్పుడు మేస్త్రీకి, ఆపైన మేనేజరుకు కాగితం మీద రాసి ఇవ్వండి. ఏ రోజు, ఎక్కడ, ఏం జరిగింది, ఎవరికి చెప్పారు, ఏం కోరుతున్నారు అనేవి రాయండి. ఒక నకలు మీ దగ్గర ఉంచుకోండి.

చట్టం కూడా మీ వైపు ఉంది. కుష్టు రోగులను వేరుగా ఉంచడానికి చేసిన 1898 నాటి చట్టాన్ని 2016లో రద్దు చేశారు. జీవిత భాగస్వామికి కుష్టు ఉందనే కారణంతో విడాకులు కోరే వీలును 2019లో చట్టాల నుండి తొలగించారు. 2016లో చేసిన వికలాంగుల హక్కుల చట్టం 2017 ఏప్రిల్ 19 నుండి అమలులో ఉంది. అందులో చెప్పిన 21 రకాల వైకల్యాలలో కుష్టు నయమైనవారి వైకల్యం కూడా ఒకటి. పైకి ఏ అవకరమూ కనబడకపోయినా, చేతులకు లేక పాదాలకు స్పర్శ పోయినవారు కూడా ఆ నిర్వచనంలోకి వస్తారు. ప్రతి సంస్థ సమాన అవకాశాల విధానాన్ని ప్రకటించాలని ఆ చట్టం చెబుతుంది. ప్రభుత్వ ఉద్యోగంలో ఉండగా వైకల్యం వచ్చినవారిని ఆ కారణంతో తీసివేయకూడదు, హోదా తగ్గించకూడదు. ప్రభుత్వ కార్యాలయాలలో ఫిర్యాదులు వినే అధికారి ఉండాలి. రాష్ట్రంలో వికలాంగుల కమిషనరుకు కూడా ఫిర్యాదు చేయవచ్చు. వికలాంగులను కావాలని నలుగురి ముందు అవమానించడం శిక్షించదగిన నేరం.

వైకల్యం ధ్రువపత్రానికి, యు.డి.ఐ.డి. కార్డుకు ఎలా దరఖాస్తు చేయాలో ఆస్పత్రిలో అడిగి తెలుసుకోండి. చట్టం పేరు మొదటి రోజే ఎత్తితే మాటలు ఆగిపోతాయి. కాని మాట విననివారి దగ్గర దానిని ఎత్తడానికి వెనకాడనక్కర లేదు.

ఇంట్లో, సంఘంలో

పని చోట మాట మారాలంటే ఇంట్లో మాట ముందు మారాలి. ఎవరినైనా తిట్టడానికి ఈ రోగం పేరు వాడే అలవాటు మన ఊళ్ళలో ఉంది. పిల్లలు అది వింటారు. "కుష్టువాడు" అనడం మాని "కుష్టు వ్యాధి వచ్చినవారు", "నయమైనవారు" అందాం. బైబిలు చదివేటప్పుడు ఈ రోగం పేరు వస్తుంది. ఆ కాలంలో ఎన్నో రకాల చర్మ వ్యాధులను ఒకే పేరుతో పిలిచేవారని, ఈనాడు మనం మందు ఇచ్చే జబ్బు, అదీ ఒకటే అనుకోనక్కర లేదని బోధించేవారు వివరించడం మంచిది. యేసు ఆ రోగిని ముట్టుకున్నాడని కూడా అక్కడే ఉంది.

శరీరం మీద రంగు తగ్గి స్పర్శ లేని మచ్చ ఎవరికైనా కనిపిస్తే ఆలస్యం చేయకుండా చూపించుకోండి. రోగి ఇంట్లోవారిని, దగ్గరగా మెలిగేవారిని పరీక్షించి, అవసరమైతే ముందు జాగ్రత్తగా ఒక్క మోతాదు మందు ఇచ్చే పద్ధతి ఇప్పుడు ఉంది. భయానికి మందు పరీక్ష చేయించుకోవడం. గ్లాసు వేరు చేయడం కాదు.

కలిసి చర్చించడానికి ప్రశ్నలు

1. మన పని చోట, మన ఇంట్లో ఎవరికైనా వేరే గ్లాసు, వేరే కంచం, వేరే కుర్చీ ఉన్నాయా? ఎందుకు?

2. మనం చేసిన పని బాధపెట్టిందని ఈ మధ్య ఎవరైనా మనతో చెప్పారా? మన నోటి నుండి వచ్చిన మొదటి మాట ఏమిటి?

3. మిల్లులోని ఆ సోదరుడి స్థానంలో మనం ఉంటే, ఏ నాలుగు మాటలు అంటాం? పక్కవారితో ఒకసారి అని చూడండి.

4. అది చూస్తున్న పదిమందిలో మనం ఒకరమైతే రేపు టీ వేళకు ఏం చేస్తాం?